మాతకు బట్టలు కట్టే గది

పెత్రసెల్వ
4 మే 1987

అమ్మాయి మిరెల్లాకు,

నేను మీ పెద్దమ్మ జెరార్దాను. నాలుగేళ్ల కిందట మీ అమ్మ పోయినప్పుడు ఫోజ్జాలో మీ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోయిన ముసలిదాన్ని. ఇన్నాళ్లకు ఈవిడకు నాతో ఏం పని పడిందా అనుకుంటున్నావు కదూ? పడింది మరి.

నువ్వు నాపోలిలో సర్కారు ఆఫీసు తరఫున మన అవెల్లీనో జిల్లా మ్యూజియంలన్నీ తిరుగుతున్నావనీ, భూకంపంలో బయటపడ్డ చర్చి సామాను అంతటికీ ఫొటోలు తీసి జాబితా రాస్తున్నావనీ పోస్టావిడ చెప్పింది. మన చర్చిలోని మాత విగ్రహం కూడా ఆ సామానులోనే పోయింది. చర్చి కూలిన నాలుగోనాడు సైనికులు వచ్చి ఆమెను దుప్పట్లో చుట్టి లారీ ఎక్కించారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగితే, 'భద్రంగా ఉంటుందమ్మా' అన్నారు. ఏడేళ్లయింది. మేమింకా రేకుల ఇళ్లలోనే ఉన్నాం. ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు కొత్త చర్చి లేచింది. సెప్టెంబరు ఎనిమిది, మాత పుట్టినరోజు పండగనాడు తెరుస్తారు. మన ఫాదర్ దోన్ చెలెస్తీనో బొమ్మల పుస్తకం చూసి కొత్త మాతను ఆర్డరు పెడతానంటున్నాడు. సున్నపు బొమ్మ. బట్టలు కూడా ఒంటితోపాటే పోతపోసి నీలం రంగు వేసేశారట. కట్టేది లేదు, విప్పేది లేదు. "మీకూ విశ్రాంతి కదా జెరార్దా" అన్నాడు. ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది.

మన ఇంటి ఆడవాళ్లు ఎన్ని తరాలుగా ఆ మాతకు బట్టలు కడుతున్నారో నాకే తెలియదు. తలుపు వేసుకుని కడతాం. మగపురుగు ఉండకూడదు, ఫాదరైనా సరే బయటే. ఆ గదిలో చూసింది గది బయట చెప్పం. నాకు డెబ్బై ఒకటి. పిల్లలు లేరు. కన్ను మసకబారుతోంది. ఇంకొక్కసారి ఆమెకు నా చేత్తో బట్ట కట్టకుండా పోతానేమోనని భయంగా ఉంది.

పండగలోపు ఆమెను వెతికిపెట్టు. ఊళ్లో ఫోనున్న కాఫీ బారుకు మాత్రం చెయ్యకు, ఊరంతా చెవి ఒగ్గి వింటుంది.

నీకు ఏమీ పెట్టని, ఇప్పుడు అడగడానికి వచ్చిన
పెద్దమ్మ


నాపోలి
15 మే 1987

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరాన్ని చింపకుండా రెండు రోజులు సంచిలో వేసుకుని తిరిగాను. ఇంట్లో ఉండేది తక్కువ. ఈ నెలలో నాలుగు మ్యూజియంలు, రెండు గిడ్డంగులు చూశాను. నా ఫియట్ కారు వెనక సీటే నా మంచం అయిపోయింది.

మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. జిల్లాలో బట్టలు కట్టే రకం మాతలు నేను లెక్కపెట్టినంతలో నలభై మూడు మంది ఉన్నారు. అందరికీ తల, చేతులే చెక్కారు. మెడ కింద అంతా కర్రపేళ్ల చట్రం. బట్టలు తడిసి బూజుపట్టి వేరే పెట్టెల్లో పడున్నాయి. ఏ బట్ట ఏ మాతదో చెప్పేవాళ్లు లేరు. ఫలానా ఊరిదని రుజువు చూపిస్తే తప్ప బిషప్‌గారి ఆఫీసు ఎవరినీ వదలదు.

మీరు ఆమెను బట్టలు లేకుండా చూసినవారు. చట్రం మీద, బట్టల కింద, ఒక్క గుర్తు చెప్పండి. ఇంకెవరికీ తెలియనిదైతే మరీ మంచిది. మిగతాది నేను చూసుకుంటాను.

అడగకూడదేమోగాని అడుగుతున్నాను. అమ్మను ఆ గదిలోంచి ఎందుకు గెంటేశారు? పెళ్లికి ముందే గెంటేశారని మా నాన్న ఒకసారి నోరు జారాడు. అమ్మ మాత్రం చచ్చేదాకా పెదవి విప్పలేదు.

ఎల్లుండి మళ్లీ ప్రయాణం,
మిరెల్లా


పెత్రసెల్వ
2 జూన్ 1987

అమ్మాయీ,

నువ్వు చూసుకుంటానన్నావు గాని నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నేనే బస్సెక్కాను.

డ్రైవర్ని 'పాత విగ్రహాలు పెట్టిన చోట దింపు నాయనా' అని అడిగితే ఆ మహానుభావుడు జిల్లా కేంద్రంలో తవ్వకాల మ్యూజియం ముందు దింపాడు. టికెట్టావిడ "ఏం చూస్తారమ్మా?" అంది. "మా మాతను" అన్నాను. "లోపల చాలామంది ఉన్నారు, చూసుకోండి" అంది. నిజమే, చాలామంది ఉన్నారు. గంధకం పొగలొచ్చే లోయలో దొరికారట, చెక్క మనుషులు, బొగ్గులా నల్లగా. కొందరికి మొహం చెక్కి, కింద మొద్దులా వదిలేశారు. చేతులైనా లేవు. ఒకావిడ కనురెప్ప వాల్చకుండా నా వంకే చూసింది.

"ఈవిడెవరు?" అని టికెట్టావిడను అడిగాను.

"క్రీస్తు పుట్టకముందు ఎవరో దేవతకు మొక్కుకుని ఇచ్చిన బొమ్మమ్మా."

"మరి ఈవిడకు బట్టలెవరు కట్టేవారు?"

ఆవిడ పాపం పుస్తకం తిరగేసింది. అందులో లేదు. "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అంది. అడగరు మరి. తలలు తవ్వుకోవడమే గాని, తల కింద సంగతి ఎవరికి పట్టింది?

మర్నాడు మోంతెలౌరోలో బిషప్‌గారి మ్యూజియానికి వెళ్లాను. వెండి గిన్నెలు, సిలువలు, పునీతుల ఎముకలు దాచిన వెండి చేతులు, అన్నీ గాజు పెట్టెల్లో. మూడో గదిలో, మిరెల్లా, ఒక మాతను బట్టలు లేకుండా నిలబెట్టారు. కోళ్లగూడులా పేళ్లు బయటికి కనబడుతున్నాయి. జుట్టు లేదు. మొహం పాలలో ముంచి తీసినంత తెలుపు. ఒక పెద్దమనిషి వంగి ఆమె నడుం లోపలికి తొంగిచూస్తున్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనామె కాదు, మనామె మొహం పొగచూరిన రాగి చెంబు రంగు. ఎవరి మాతో, ఏ ఊరి ఆడవాళ్లు వెతుక్కుంటున్నారో. తాడు దాటి వెళ్లి నా గోధుమరంగు శాలువా ఆమెకు కప్పి, మెడ కింద సూది పెట్టాను.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ అవ్వా! ముట్టుకోకూడదు! అది కళాఖండం!"

"కళాఖండానికి చలెయ్యదా? మీ అమ్మనైతే ఇలాగే నిలబెడతావా?"

"మా అమ్మ చెక్కది కాదు."

"నువ్వున్నావుగా చెక్కతో చేసినవాడివి" అన్నాను. చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. శాలువా అక్కడే ఉండిపోయింది.

నువ్వడిగిన గుర్తు సంగతి ఆలోచిస్తున్నాను. గదిలో చూసింది గది బయట చెప్పకూడదు, తెలుసుగా. రెండో ప్రశ్నకూ అదే జవాబు.

కాళ్లు వాచినా ఊరుకోని
పెద్దమ్మ


నాపోలి
11 జూన్ 1987

పెద్దమ్మగారికి,

మోంతెలౌరో నుంచి నాకు ఫోనొచ్చింది. ఎవరో పిచ్చి ముసలమ్మ విగ్రహానికి శాలువా కప్పి, గుండుసూది గుచ్చి, నా పేరు చెప్పి బెదిరించి పోయిందట. నా పేరెందుకు చెప్పారండీ? నాది ఆర్నెల్లకోసారి కాగితం రాయించుకునే ఉద్యోగం. మీకు జాలి వేస్తే వేసిందిగాని, సూది గుచ్చిన చోట రంగు లేచిపోతే జవాబుదారీ నేనే. దయచేసి ఇక మ్యూజియంలకు వెళ్లకండి.

ఇంకొక మాట, ముందే చెప్పాల్సింది. మొహం రంగు చూసి పోల్చుకోవడానికి లేదు. బాగుచేసేవాళ్లు కొవ్వొత్తుల మసి అంతా కడిగేశారు. నల్లగా వెళ్లినవాళ్లందరూ తెల్లగా తేలారు. అందుకే బట్టల కింది గుర్తు కావాలంటున్నాను. నియమం గొప్పదే. కానీ నియమం పట్టుకుని కూర్చుంటే సున్నపు బొమ్మే వస్తుంది.

త్వరగా రాయండి,
మిరెల్లా


పెత్రసెల్వ
28 జూన్ 1987

అమ్మాయీ,

పిచ్చి ముసలమ్మ రాయునది.

నువ్వు కోప్పడ్డందుకు కాదు, ఆ మొహాలు కడిగేశారన్న మాట చదివినప్పటినుంచి నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ గింజలు పారేసి తొక్కలు పొయ్యి మీద పెట్టాను. ఆ తెల్ల మొహం కళ్లముందు నుంచి పోదు. మొన్న సోమవారం మళ్లీ మోంతెలౌరోకు బస్సెక్కాను. సోమవారం మ్యూజియానికి సెలవట. మూసిన తలుపు ముందు మెట్ల మీద గంటసేపు కూర్చుని తిరిగొచ్చాను. మళ్లీ వెళ్లే ధైర్యం లేదు.

గుర్తులు అడిగావు, రాసుకో. మాత జుట్టు అసలైన జుట్టు, నా మేనత్త పెళ్లికి ముందు కోసి ఇచ్చింది, మోకాళ్ల దాకా ఉండేది. చెవులకు పగడాల పోగులు. కుడిచేతి వేలికి ఎవరో వితంతువు తొడిగిన ఉంగరం. ఇవి చాలవా?

దోన్ చెలెస్తీనో బొమ్మ ఆగస్టు నెలాఖరుకు వస్తుందట. బడిపిల్లలు అప్పుడే పాట నేర్చుకుంటున్నారు.

మీ పెద్దమ్మ


లియోని దారిలో, కారులో కూర్చుని
10 జూలై 1987

పెద్దమ్మగారికి,

చాలవు. జుట్టు ఊడదీశారు, పోగులు, ఉంగరం సైనికులు చేర్చేలోపే పోయాయి. నేను చట్రం మీది గుర్తు అడిగితే మీరు చట్రం తప్ప అన్నీ రాశారు. నలభై ఏళ్లకు పైగా ఆ చట్రానికి బట్ట కట్టినవారికి ఒక్క పగులు, ఒక్క మేకు గుర్తులేదంటే నేను నమ్మను.

నాకు అర్థమైంది లెండి. నేను ఫియొరీనా కూతుర్ని. గెంటేసినామె కూతురికి గది రహస్యం చెప్పడం మీకు ఇష్టం లేదు. మా అమ్మ రైల్వేలో పనిచేసే పరాయి ఊరివాణ్ని ప్రేమించినందుకే మీ దేవత గదికి మైలపడిపోయిందనుకుంటాను. సరే. మీ మైల మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ఇంకా పదకొండు చోట్లు తిరగాలి. జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

మిరెల్లా


పెత్రసెల్వ
26 జూలై 1987

మిరెల్లా, నా తల్లీ,

రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది. మళ్లీ చదవకుండానే పోస్టు పెట్టెలో వేసేస్తాను, లేకపోతే ఇదీ చింపుతాను.

ఎడమ తుంటి దగ్గర, నడుం చుట్టు నుంచి రెండో పేడు. దానికి బయటివైపు కాలిన మచ్చ ఉంటుంది. బొటనవేలి గోరంత, కింది అంచు కాస్త సాగి ఉంటుంది. అది చెదల మరక కాదు, కొవ్వొత్తిదీ కాదు. ఇస్త్రీపెట్టెది.

1942, యుద్ధం రోజులు. నాకు ఇరవై ఆరు, ఫియొరీనాకు పద్దెనిమిది. పండగ ముందురోజు మేమిద్దరమే గదిలో ఉన్నాం. మా అమ్మ పూలు తేవడానికి వెళ్లింది. లోపావడాను బల్ల మీద ఇస్త్రీ చేసి, ఆ తరవాతే మాతకు కట్టాలి. అది నియమం. నేను కట్టేశాక చూస్తే ఒక కుచ్చి నలిగి ఉంది. మళ్లీ విప్పాలంటే బద్ధకం. బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసుకుని ఒంటి మీదే నొక్కాను. 'అక్కా వద్దే' అంది ఫియొరీనా. గుడ్డ కాలి, లోపల చెక్క చుయ్యిమంది.

నేను ఏడుపు లంకించుకున్నాను. ఫియొరీనా నా చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుని తన పక్కన పెట్టుకుంది. కాలిన చోటు కనబడకుండా పావడాను ఎడమవైపు రెండు మడతలు పెడుతూ, 'ఏమీ కనబడదే అక్కా, ఊరుకో, ఏడవకు' అంటోంది. అప్పుడు మా అమ్మ తలుపు తీసుకుని వచ్చింది.

అమ్మ ఒక్కటే మాట అడిగింది. "ఎవరు?"

అది నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. అమ్మ దాన్ని జుట్టు పట్టుకుని గది బయటికి తోసి, ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకూడదంది. అది తొక్కలేదు. ఎందుకు గెంటారని ఊరు ఎన్నో అంది, మీ నాన్న పేరు కూడా కలిపింది. గదిలో జరిగింది గది బయట చెప్పకూడదు కదా, అది చెప్పలేదు. హక్కు పోయినా నియమం తప్పలేదు. హక్కు నాకు దక్కింది. నేను ప్రతి ఏడూ ఆ మచ్చ మీద గుడ్డ కట్టాను.

అందుకే మీ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాను. అందుకే గుర్తు చెప్పలేకపోయాను. నియమం అని నీకు రాసింది అబద్ధం. భయం, అంతే.

మోంతెలౌరోలో ఆ తెల్లామె ఎడమ తుంటి చూడు. నేను శాలువా కప్పాను గాని తుంటి వైపు చూడలేదు. చూడకూడదని కాదు.

నీ దగ్గర మొహం చెల్లని
జెరార్దా


నాపోలి
3 ఆగస్టు 1987

జెరార్దాగారికి,

చూడటానికి మోంతెలౌరో వెళ్లక్కర్లేకపోయింది. నా బీరువాలోనే ఉంది. 214వ కార్డు. 'ఎడమ తుంటి, రెండో పేడు, కాలిన మచ్చ, అజాగ్రత్త వల్ల అయి ఉండొచ్చు.' రాత నాదే. మార్చి నెలలో ఇద్దరు మగవాళ్లు దీపాలు పట్టుకుని నిలబడగా నేనే ఆమెను ఫొటో తీశాను. చలికి విసుక్కుంటూ, త్వరగా కానివ్వండి అంటూ. మీరు శాలువా అయినా కప్పారు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏడవలేదు. కోపం వచ్చింది. ఇంట్లో ఉండలేక సముద్రం ఒడ్డున నడిచాను, చెప్పు తెగింది, వట్టికాళ్లతోనే నడిచాను. మా అమ్మ ప్రతి సెప్టెంబరు ఏడో తారీఖున తలనొప్పి అని పడుకునేది. నాకిప్పుడు తెలిసింది ఎందుకో. మిమ్మల్ని క్షమించానని రాయను. రాస్తే అదీ అబద్ధమే అవుతుంది.

మాతను తెస్తాను. మీ ఉత్తరంలో మచ్చ గురించి రాసిన పేరా మాత్రం కత్తిరించి రుజువుగా ఇచ్చాను, మిగతా కాగితం నా దగ్గరే ఉంది. బిషప్‌గారి ఆఫీసు సంతకం పెట్టింది. దోన్ చెలెస్తీనోకు విడిగా రాశాను, సున్నపు బొమ్మను బడికి ఇచ్చుకోమని.

ఒకటే షరతు. తలుపు మూసేముందు, లోపలికి వెళ్లే ఆడవాళ్లందరి ముందు, ఇస్త్రీపెట్టె ఎవరి చేతిలో ఉందో చెప్పండి.

ఏడో తారీఖు పొద్దున వస్తాను.
ఫియొరీనా కూతురు


పెత్రసెల్వ
10 సెప్టెంబరు 1987

మిరెల్లా,

నువ్వు పండగ భోజనానికైనా కూర్చోకుండా కారెక్కావు. కోపమో, ఉద్యోగమో అడగలేదు. చేతిలో పెట్టిన మిరపకాయల రొట్టె తిన్నావో లేదో.

నువ్వడిగింది చేశాను. గదిలో సంగతి బయట చెప్పకూడదు, లోపలికి వెళ్లడానికి నాకు ముఖం లేదు, అందుకని గడప మీద నిలబడి చెప్పాను. నువ్వు చూశావుగా. అందరిలోకి పెద్దది, కుంటి వెనెరాండా, ఒక్కతే "నలభై ఐదేళ్లు, జెరార్దా!" అని నా చేతిలోంచి గుండుసూదుల డబ్బీ తీసుకుంది. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. నేనే వెళ్లలేదు. నువ్వు తలుపు వేశావు.

బయట బెంచీ మీద దోన్ చెలెస్తీనో పక్కన కూర్చున్నాను. జన్మలో మొదటిసారి మగవాళ్ల వైపు కూర్చోవడం. "లోపల ఏం చేస్తారు?" అని గుసగుసగా అడిగాడు. ముప్పై ఏళ్లుగా చచ్చేంత ఆశ ఆయనకు. "ఇస్త్రీ" అన్నాను.

లోపలనుంచి మాటలు వినబడుతున్నాయి. ఏడేళ్లలో తెలిసినవాళ్లు సగం మంది పోయారు. ముందు లోపావడానా, ముందు రవికనా అని వాదులాడుకుంటున్నారు. నాకు నోటి దాకా వచ్చింది. బయటనుంచి చెప్పకూడదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి వాదులాట ఆగిపోయింది.

తలుపు తీశారు. తెల్లమొహం చూసి గుంపులో ఎవరో "ఈ పట్నం ఆవిడెవరు?" అన్నారు, నవ్వారు. ఫరవాలేదు, పదేళ్లు కొవ్వొత్తులు వెలిగిస్తే మళ్లీ మనదవుతుంది. నేను మొహం చూడలేదు. ఆడవాళ్లు కొత్తగా కుట్టిన బట్ట చూశాను. ఒక్క సూది తప్పు లేదు. ఎడమ తుంటి మీద మాత్రం పావడా రెండు మడతలు.

నాకు తెలుసు ఎందుకు పెట్టావో. నేను రాసింది చదివావు కాబట్టి, ఊరేగింపులో ఊరంతటి మధ్యా నాకు గుచ్చుకోవాలని పెట్టావు. బాగా గుచ్చుకుంది. తప్పు పట్టను. కానీ లోపావడా ముందని, రవిక తరవాతని, సూది లోపలినుంచి బయటికని నీకెవరు చెప్పారు? నేను రాయలేదే.

ఇక ఏమీ అడగని
పెద్దమ్మ


నాపోలి
20 సెప్టెంబరు 1987

పెద్దమ్మా,

రొట్టె తిన్నాను. కారం ఎక్కువైంది. లియోని దాటేదాకా ముక్కు కారుతూనే ఉంది.

గుచ్చడానికి పెట్టలేదు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ చీపురు కర్రలతో ఒక బొమ్మ కట్టి ఇచ్చింది, తల గుడ్డది, కింద అంతా పుల్లలే. దానికి బట్ట కట్టడం ఒక ఆట. ముందు లోపావడా, తరవాత రవిక, సూది లోపలినుంచి బయటికి. ఒక్కటి తప్పితే మొత్తం విప్పించి మళ్లీ మొదటినుంచి కట్టించేది. తలుపు వేసి ఆడేవాళ్లం, నాన్నను రానిచ్చేది కాదు. అది ఏ ఆటో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నీ జూలై ఉత్తరం చదివినప్పుడు నాకు తెలిసింది. ఆగస్టులోనే నీకు రాయాల్సింది, కోపంతో దాచుకున్నాను.

ఆ గదిలో ఆడవాళ్లు వాదులాడుకుంటుంటే నా చేతులు వాటంతట అవే కట్టేశాయి. ఎడమవైపు రెండు మడతలు కూడా అవే పెట్టాయి. చిన్నప్పుడు నేను అడిగేదాన్ని, కుడివైపు ఒకటేగా అమ్మా, ఇటు రెండెందుకు అని.

"అది మీ పెద్దమ్మ కోసం. ఏడవకుండా ఉంటుంది" అనేది.

నీ శాలువా మోంతెలౌరో నుంచి తెచ్చాను, ఉతికించాను. వచ్చే సెప్టెంబరు ఏడున కప్పుకుని గదిలోకి రా. తలుపు నేను వేస్తాను.

మిరెల్లా